ఒంటి అక్షరం ఫోల్డర్

“నా ఫోల్డర్ ఎవరు తీసేశారు?”

సిక్స్‌టెన్ అరుపుకి వంటగదిలో అమ్మ చేతిలోని గరిటె ఆగిపోయింది. శనివారం మధ్యాహ్నం. వారమంతా ఎదురుచూసిన మిఠాయి గిన్నె ముందు కూర్చున్న లోవా నమలడం మానేసింది.

కొద్దిరోజుల క్రితమే అమ్మ హాల్లో, టోపీల అరలో ఒక నల్లపెట్టె పెట్టింది. అమ్మ ల్యాప్‌టాప్, అన్న సిక్స్‌టెన్ కంప్యూటర్, లోవా పాత కంప్యూటర్ మూడూ వైఫైలో దానికి కలుస్తాయి. ఎవరి ఫొటోలైనా, వీడియోలైనా అందులో దాచుకోవచ్చు. “ఇది అందరిదీ,” అని చెప్పింది అమ్మ.

“ఏ ఫోల్డర్ రా?” అంది ఇప్పుడు.

“ద్వీపం! మన ద్వీపం వీడియోలన్నీ పోయాయి!”

స్వీడిష్‌లో ద్వీపాన్ని ఒక్క అక్షరంతో రాస్తారు. ‘ఓ’ మీద రెండు చుక్కలు, అంతే. సిక్స్‌టెన్ ఆ ఫోల్డర్‌కి పెట్టిన పేరూ అదే.

లోవాకి పొద్దున తను చేసిన పని గుర్తొచ్చింది. తన పాత కంప్యూటర్‌కి చుక్కల అక్షరాలు సరిగా రావు. పొద్దున అందులో ఒక ఫోల్డర్ కనిపించింది. పేరు ఉండాల్సిన చోట ఖాళీ గడి. చెత్త అనుకుంది. తెరిచి చూడకుండానే తీసేసింది. ఖాళీ అయిన చోట్లోకి తన గుర్రపుస్వారీ వీడియోలు ఎక్కించడం మొదలుపెట్టింది.

అవి ఇంకా ఎక్కుతూనే ఉన్నాయి.

“నువ్వేనా?” సిక్స్‌టెన్ ఆమె ఎదుటికి వచ్చాడు.

“నేనెందుకు తీస్తాను? నీ కంప్యూటరే మింగేసిందేమో!”

“జోకులా? అమ్మమ్మ పోయాక ద్వీపంలో ఆమె ఇల్లు అమ్మేశాం. ఇక అక్కడికి మనల్ని ఎవడు రానిస్తాడు? అమ్మమ్మ రేవులో నిలబడి చెయ్యూపిన వీడియో అందులోనే ఉంది!”

“చెత్తబుట్టలో చూడరా,” అంది అమ్మ.

“ఆ పెట్టెలోవి చెత్తబుట్టలోకి రావమ్మా, నేరుగా పోతాయి! పెట్టెని వెంటనే ఆపితే వెతికి బయటికి లాగొచ్చు. వాటి మీద కొత్తవి పడ్డాయంటే ఇక అంతే!”

లోవాకి మండుకొచ్చింది. గడి పేరు తన తప్పా? ఒంటి అక్షరం పెట్టింది వాడు. అందరిదీ అన్నది అమ్మ. అందరిదీ అంటే తనది కూడా కాదా? తన ఒక్కదాని మీదే ఎందుకీ అరుపులు?

కానీ తన గదిలో కంప్యూటర్ మీద, వీడియోలు ఎంతవరకు ఎక్కాయో చూపే ఆకుపచ్చ గీత ముందుకు జరుగుతూనే ఉంటుంది. ఇక్కడ ఇలా అరుచుకుంటున్నంతసేపూ అమ్మమ్మ మీద గుర్రాలు వచ్చి పడుతుంటాయి.

లోవా ఒక్క ఉదుటున లేచింది. మిఠాయిలు నేలంతా దొర్లాయి. హాల్లోకి పరిగెత్తి, బెంచీ ఎక్కి, పెట్టె కరెంటు తీగ పీకేసింది.

“నేనే తీశాను! నా వీడియోలు ఎక్కుతున్నాయి! ఆపేశాను!”

“తలకాయ ఉందా నీకు?” సిక్స్‌టెన్ మొహం ఎర్రబడింది.

“నువ్వు పేరు సరిగ్గా పెట్టి ఏడవొచ్చుగా!”

“తెరిచి చూడటానికి చేతులు పడిపోయాయా? నన్నడగొచ్చుగా! పక్క గదిలోనే చచ్చాను కదా!”

లోవా బెంచీ దిగి, దొర్లిన మిఠాయిలు ఏరసాగింది.

మర్నాడంతా కూర్చుని సిక్స్‌టెన్ చాలా వీడియోలు వెతికి తీశాడు. అమ్మమ్మది మాత్రం సగమే వచ్చింది. ఆమె చెయ్యి పైకి లేస్తుంది. ఊపకముందే ఆగిపోతుంది.

సిక్స్‌టెన్ తలుపు ధడాలున వేసుకున్నాడు. భోజనాల దగ్గర కూడా లోవా వైపు చూడలేదు.

మళ్లీ పెట్టె పనిచేయడం మొదలయ్యాక, ఒక సాయంత్రం లోవాకి అందులో ఇంకో ఫోల్డర్ కనిపించింది. పేరంతా అంకెలే. బోలెడంత చోటు తినేస్తోంది. ఆమె మౌస్ మీద నుంచి చెయ్యి తీసి గోడ మీద కొట్టింది.

“సిక్స్‌టెన్! ఇక్కడ అంకెల పేరుతో ఒకటుంది. నీదా?”

“ముట్టుకోకు!”

“ముట్టుకోలేదు. అడుగుతున్నాను.”

గోడ అవతల కీబోర్డు టకటకలాడింది.

“నాది కాదు,” అన్నాడు చివరికి. గొంతులో కోపం ఇంకా ఉంది. “అమ్మదేమో. అమ్మనడుగు.”

లోవా లేచి అమ్మ దగ్గరికి నడిచింది.