సుషీ బల్ల మీద తడి రాయి

ఆ హోటల్లో సుషీ బల్లకి సాయంత్రం ఎంత పేరో, రాత్రికి అంత చెడ్డపేరు.

దీపాలు వెలుగుతున్నంతసేపూ బానే ఉంటుంది. సముద్రపు గాలికి ఆకలి పుట్టిన జనం గుమ్మం బయట వరసకట్టి నిలబడతారు. లోపల ఒక పక్క పొయ్యి మీద స్టేక్ మాంసం ముక్కలు చుయ్యిమంటుంటాయి. ఇంకో పక్క పొడుగాటి చెక్క బల్ల వెనక పచ్చి చేపని రేకుల్లా కోసి, పులుపు కలిపిన అన్నం ముద్దల మీద పరిచి సుషీ చేస్తుంటారు. పాటలు, గ్లాసుల చప్పుళ్ళు, ఎవరిదో పుట్టినరోజు గోల. అదంతా సద్దుమణిగి, కుర్చీలు తలకిందులై బల్లలెక్కాక...

సర్... సర్... సర్...

ఎవరో కత్తి నూరుతున్న చప్పుడు.

ఆ బల్ల వెనక ముప్పై ఏళ్ళు నిలబడ్డ పెద్ద మాస్టరు పోయి ఎనిమిది నెలలు. ఆయన తర్వాత ఇద్దరు మాస్టర్లు వచ్చారు, ఇద్దరూ చెప్పాపెట్టకుండా పారిపోయారు. పొద్దున్న వచ్చేసరికి కత్తులు తడిగా ఉండేవట. పైగా ఒక్క వైపే నూరి ఉండేవి. కొత్తవాళ్ళు మెషిన్లో పెట్టి గీకే రకం. తడి రాయి మీద, ఒక్క వైపే, అంత పదును తేవడం ఆ వంటింట్లో పెద్ద మాస్టరుకి తప్ప ఎవరికీ చేతకాదు. ఇంకేం సాక్ష్యం కావాలి?

ఇది నాకు చెప్పింది మా పెద్దమ్మ కూతురు. ఆ హోటల్లో స్టేకులు కాల్చేది తనే. అక్క అబద్ధాలాడదు. ఆడిన ఒక్క అబద్ధమూ ఈ కథలోనే ఉంది.

అక్కకి దెయ్యం మీద కోపం లేదు. కోపమంతా ఓనరు మీదే. పదకొండేళ్ళు పొయ్యి ముందు నిలబడి కనుబొమలు కాల్చుకుంది, కళ్ళు మాత్రం ఎదుటి సుషీ బల్ల మీదే పెట్టుకుంది. ఆ పని నేర్పించమని నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ ఒకటే జవాబు.

"ఆడవాళ్ళ చేతులు వేడమ్మా. ముట్టుకుంటే చేప పాడైపోతుంది."

ఆయనింట్లో చేప కడిగేది ఎవరో మరి. మంచుగడ్డని కట్టుకున్నాడేమో.

మూడో మాస్టరు కోసం ఆయన ఫోన్లు తిప్పుతుంటే, అక్క ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఒక రాత్రి ఇక్కడే ఉండి ఆ చప్పుడు సంగతి నేను తేలుస్తాను సార్. తేలిస్తే బల్ల నాకివ్వాలి."

"దెయ్యంతో వేగగలవా నువ్వు?"

"పదకొండేళ్ళుగా మీతో వేగుతున్నా కదా సార్."

సర్వర్లు గోడవైపు తిరిగి నవ్వుకున్నారు. ఓనరు మొహం ముడుచుకుని, "సరే, తేల్చు. ఇస్తాను," అన్నాడు. వదిలించుకోవడానికే అన్నాడు. కానీ పదిమంది ముందు అన్నాడు, అక్కకి అంతే చాలు.

గిన్నెలు కడిగే పిన్ని మాత్రం తలెత్తకుండా గొణిగింది. అరవై దాటిన మనిషి, ఆ హోటల్లో అందరికీ పిన్నే.

"పోయినాయన జోలి నీకెందుకే?"

ఏ రాత్రి ఉంటుందో అక్క ఎవరికీ చెప్పలేదు. మూడు రోజులాగి, ఇంటికెళ్తున్నట్టు సంచీ భుజాన వేసుకుని అందరి కళ్ళబడి, ముందు తలుపులోంచి వెళ్ళి పక్క తలుపులోంచి వచ్చి... పొయ్యి వెనక నక్కింది.

దీపాలు ఆరిపోయాయి. తాళాలు పడ్డాయి.

ఫ్రిజ్జు మూలుగు. దాని వెనక సముద్రం.

కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఒక కునుకు పట్టింది కూడా...

సర్...

కళ్ళు తెరిచింది.

సర్... సర్...

చేతికి దొరికింది మాంసం తిప్పే పట్టకారు. అది పట్టుకుని, గోడ వారగా, ఒక్కో అడుగూ వేసింది. సుషీ బల్ల పక్కన మేకుకి పెద్ద మాస్టరు తెల్లకోటు వేలాడుతూ ఉంటుంది. ఆయన పోయినా దాన్ని తీసే ధైర్యం ఎవరూ చేయలేదు. కిటికీలోంచి పడుతున్న వీధి దీపం వెలుగులో అక్క ముందు ఆ మేకునే చూసింది.

మేకుకి కోటు లేదు.

బల్ల వెనక ఉంది. దాని లోపల వంగిన వీపు... ముందుకీ వెనక్కీ ఊగుతున్న భుజాలు. అచ్చం ఆయన నూరినట్టే.

అక్క చేతిలోని పట్టకారు బల్ల అంచుకి తగిలి ఖంగుమంది.

"మాస్టరు గారూ..."

నూరుడు ఆగింది. ఆ వీపు తిరగలేదు.

"ఆ పట్టకారు కింద పెట్టవే. కాలి మీద పడుతుంది."

పిన్ని గొంతు.

అక్క పట్టకారు బల్ల మీద పెట్టింది. పిన్ని కత్తి మీద నీళ్ళు తుడిచింది, వేలితో అంచు చూసుకుంది, అప్పుడు మాట్లాడింది.

"ఆఖరి ఆరేళ్ళూ ఆయన చేతులు వణికేవి. తెల్లారే చేపలబండి వస్తే తలుపు తీసేది నేనే కదా, తాళంచెవి నా దగ్గరే. మీరొచ్చేలోగా కత్తులు నూరింది, అన్నం కలిపింది, చేప కోసి తడిగుడ్డ కింద సర్దింది, అంతా నేను. జనం ముందు పరిచి ఇచ్చింది ఆయన."

ఆరేళ్ళు. వేళ్ళు నాక్కుంటూ ఆ మాస్టరు చెయ్యే చెయ్యి అని మెచ్చుకున్నవాళ్ళంతా తిన్నది ఈ వేడి చేతుల కూడే.

"ఓనరుకి చెప్పొచ్చుగా పిన్నీ."

"చెబితే? గిన్నెలు కడిగేది చేప ముట్టిందని అప్పుడే గెంటేసేవాడు."

"మరి ఇప్పుడెందుకు ఈ నూరుడు?"

"నా చేత్తో పెంచిన కత్తులే ఇవి. ఆ వచ్చినవాళ్ళు మెషిన్లో పెట్టి కోరేస్తుంటే నిద్రెలా పడుతుంది? కోటంటావా... నీళ్ళు చిందుతాయి, నాకున్నది ఒక్క స్వెట్టరు."

అక్క రాయి ముందు కూర్చుని తనూ ఒక కత్తి తీసుకుంది. రెండో వైపుకి తిప్పగానే పిన్ని చేతి మీద ఒక్కటిచ్చింది. "స్టేకు కత్తనుకున్నావా?"

తెల్లారేదాకా అక్క లోలోపల ఉడికిపోతూనే ఉంది. నిజం చెబితే బల్ల తనది, వీధి పిన్నిది. చెప్పకపోతే ఎల్లుండి మూడో మాస్టరు దిగుతాడు.

పొద్దున్న ఓనరు వచ్చాడు. అందరూ చుట్టూ చేరారు. పిన్ని ఎదురుగా, పళ్ళేల దొంతర గుండెలకి ఆనించుకుని నిలబడింది.

"ఏం, తేలిందా?"

"తేలింది సార్. పెద్ద మాస్టరే."



"మాట్లాడాడు కూడా," అంది అక్క. "ఈ బల్ల వెనక పిన్నిని నిలబెట్టమన్నాడు. ఆవిడ పక్కన నన్ను. అప్పటిదాకా కదలనన్నాడు."

ఎగతాళి చేస్తాడనుకుంది. మీద పడి అరుస్తాడనుకుంది, దానికి జవాబు కూడా సిద్ధం చేసుకుంది. ఓనరు మాత్రం కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు.

"ఆసుపత్రిలో..." అన్నాడు కూర్చుంటూ. "చివరి రోజు... గదిలో మేమిద్దరమే. ఇదే మాట చెప్పాడు. మొదట పిన్ని, పక్కన స్టేకులమ్మాయి అని. నేను ఎవ్వరికీ చెప్పలేదు... మా ఆవిడకి కూడా."

అక్కకి ఒళ్ళు ఝల్లుమంది, ఆ వెంటనే భగ్గున మండింది. ఎనిమిది నెలలు. చనిపోతున్న మనిషి చెప్పిన మాట మింగేసి, చేతులు వేడని కబుర్లు.

ఇప్పుడు ఆ బల్ల వెనక ఇద్దరూ ఉంటారు. రాయి పట్టపగలే, అందరి ఎదుటే మోగుతుంది.

మొన్న వెళ్ళినప్పుడు అడిగాను. "అక్కా, అచ్చం ఆ మాటే నీ నోట ఎలా వచ్చిందే?"

అక్క తుడుస్తున్న కత్తి పక్కన పెట్టింది.

"నేననుకున్నది పిన్ని పేరొక్కటే. ఆవిడ కోసం అబద్ధమాడొచ్చుగానీ, నా కోసం ఆడటానికి నోరు రాలేదు. అంతటితో ఆపబోయాను. వెనక నుంచి ఎవరో మోచెయ్యి పట్టుకుని ముందుకి నెట్టినట్టయింది... 'ఆవిడ పక్కన నన్ను' అనే రెండో మాట వచ్చేసింది."

"పిన్ని అయ్యుంటుంది."

"పిన్ని ఎదురుగా ఉంది, రెండు చేతుల్లోనూ పళ్ళేలే."

అక్క గొంతు తగ్గించింది.

"ఆ చెయ్యి... చల్లగా ఉందే. చేపంత చల్లగా."