అత్తగారు దాచిన మాట

పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, అత్తగారు బల్ల మీద గుడ్డ పరిచారు. ఇంటి ముందు గదే ఆవిడ కుట్టు దుకాణం. పెద్ద కత్తెర అందుకోబోతే కుడి మణికట్టు వాడిన తీగలా వాలిపోయింది. మెట్ల మీద జారిపడి భుజం కింద ఎముక విరిగితే, ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఎముక బాగానే అతుకుతోంది. ఆపరేషన్ అయిన నాటి నుంచి, ఆరు వారాలుగా, మణికట్టు మాత్రం లేవడం లేదు.

"సిమెంటు కట్టు వేయిస్తే సరిపోయేది," అన్నాడు కొడుకు టీ తాగుతూ, భార్యతో. "ఆపరేషనే మంచిదని నువ్వే పట్టుబట్టావు."

కోడలికి ఈ మాట కొత్త కాదు. అత్తగారి మణికట్టుకు పట్టీ బిగిస్తూ తల వంచుకుంది.

"డాక్టరుగారూ అదే అన్నారు కదండీ."

"నరం దెబ్బ తినొచ్చని ఒక్కరైనా అన్నారా? ఇవాళ వెళ్లి ఆయన్నే నిలదీస్తాను. నువ్వూ రా, నీ తెలివి అక్కడ చూపిద్దువు గాని."

కోడలి వేళ్లు ఆగిపోయాయి. పట్టీ మీద ఓ కన్నీటి చుక్క పడింది.

దేవుడు పెట్టిన పరీక్ష అని అత్తగారు ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నారు. మరి తన పరీక్షకు కోడలెందుకు కూర్చోవాలి?

"ఎక్కడికీ వెళ్లక్కర్లేదురా. నాకు చెప్పాడాయన."

"ఏం చెప్పాడు?"

"నరం ఆ ఎముకను చుట్టుకునే పోతుందట. తెగకపోయినా లాగుడు పడొచ్చు, కొన్ని నెలలు చెయ్యి లేవకపోవచ్చు అన్నాడు. విని సంతకం పెట్టాను. మీకు నేనే చెబుతానన్నాను."

"మరి చెప్పలేదేం?"

"పట్టు మీద సూది గుర్తులు పడొచ్చని ముందే అంటే ఎవరైనా గుడ్డ ఇచ్చి వెళ్తారా? ముప్పై ఏళ్లుగా అదే అలవాటు. ఎముక వంకరగా అతికితే నా పని పోతుందని భయం, చెబితే నువ్వు వద్దంటావని భయం." ఆవిడ గొంతు తగ్గింది. "రోజూ నువ్వు దీన్ని అంటుంటే వింటూ కూర్చున్నాను. అది ఇంకా పెద్ద తప్పు."

కొడుకు గ్లాసు కింద పెట్టాడు. భార్య వైపు తిరిగి, "నోరు పారేసుకున్నాను," అన్నాడు.

"రోజూ పారేసుకున్నారు. ఏరుకోవడానికి టైం పడుతుంది," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ.

అత్తగారికి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. కోడలి చెయ్యి పట్టుకోబోయారు. సగం కట్టిన పట్టీ జారి, మణికట్టు మళ్లీ వాలింది. కోడలు దాని కింద అరచెయ్యి ఆనించి ఎత్తింది. ఆ ఆసరాకి అత్తగారి వేళ్లు మెల్లగా ముడుచుకుని, ఆమె చేతిని గట్టిగానే పట్టుకున్నాయి.