మూల మిషను మీద మచ్చ

ఈ సంగతి మొదట చెప్పింది యా బ్రాగో. కొనొంగో ఊరి లారీ స్టాండులో రాత్రిపూట ఉడకబెట్టిన గుడ్లు అమ్ముకుంటుంది. ఆ రాత్రి ఆ గదిలోనే ఉన్న మనిషి. ప్రార్థనకూటంలో బోవాడి మాస్టారు చెప్పేది వేరు—ఆయన ఆ రాత్రి ఊళ్ళోనే లేడు, అయినా గొలుసుల చప్పుడు విన్నానంటాడు. గొలుసులూ లేవు, గోలా లేదు. జరిగింది జరిగినట్టు ఇది.

స్టాండు వెనక చావు పోస్టర్లు—పోయినవాళ్ళ ఫొటో, ఇంటివాళ్ళ పేర్లు వేసి గోడలకి అంటించేవి—చేసే గది ఒకటి ఉంది. అందులో మూలనున్న కంప్యూటరుకి చెడ్డపేరు. ఆ గది పెట్టిన మామే అచియా దాని ముందు కుర్చీలోనే కన్నుమూసింది. అప్పటినుంచీ... అర్జీలు కొట్టినా, పెళ్ళికార్డులు చేసినా మిషను బుద్ధిగానే ఉంటుంది. పోయినవాళ్ళ ఫొటో తెరమీదికి వచ్చిందా, ఇక మౌసు ఎప్పుడు ప్రాణం విడుస్తుందో తెలీదు. బాణం వెళ్ళి ఆ మొహం మీదే ఆగిపోతుంది.

అలా ఇద్దరికి పోస్టరు రాలేదు. ఒకాయన పేరు గోడమీద బొగ్గుతో రాసుకున్నారు. ఆ ఊళ్ళో ఇంటిల్లిపాదికీ అంతకంటే తలవంపు లేదు.

"చచ్చినా కుర్చీ వదల్లేదు ముసల్ది," అనేవాళ్ళు డ్రైవర్లు—ఇప్పుడు ఆ గది నడిపే కూతురు అఫ్రియే వినేలాగా.

ఆ గురువారం సాయంత్రం గది అద్దెకిచ్చిన న్యార్కో గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి అడుగుపెట్టలేదు.

"చూడమ్మా, ఒహెమెంగ్ పోస్టరు కూడా ఆగిందంటే పొద్దున్నే తాళం వేసేస్తా. మీ అమ్మని నువ్వే ఎక్కడికన్నా తీసుకుపో."

ఒహెమెంగ్ పాతకాలం లారీ డ్రైవరు. శనివారం ఆయన్ని సాగనంపుతారు. తెల్లవారుజామున నాలుగింటికి కుమాసి వెళ్ళే వ్యానుకి పోస్టరు ఎక్కించిన డిస్కు అందితే అక్కడ అచ్చయి వస్తుంది. అందకపోతే... అమ్మ పెట్టిన గది పోతుంది. అమ్మ దెయ్యమన్న మాట మిగిలిపోతుంది.

రాత్రి పదకొండయింది. అఫ్రియేకి రెండు రోజులుగా నిద్రలేదు. నడుం నిలవడం లేదు. తెరమీద ఒహెమెంగ్—నల్లకళ్ళద్దాలు నుదుటిమీదికి తోసుకుని, మెడలో తువ్వాలు. చుట్టూ పూలచట్రం పెట్టింది. ఇంకా కొడుకులు, కోడళ్ళు, నలభై మంది మనవల పేర్లు పేర్చాలి. బల్ల కాస్త ముందుకి లాక్కుంది...

బాణం ఆగింది.

ముసలాయన ఎడమ కంటిమీద.

మౌసు జరిపింది. కదల్లేదు. వంగి చూస్తే బల్ల వెనక దాని తోక ఊడి వేలాడుతోంది. పాతరకం—గుండ్రటి మూతి, లోపల సన్నటి సూదులు. ఇంతేగా అనుకుని మళ్ళీ గుచ్చింది.

కదల్లేదు.

తీసింది, ఊదింది, గుచ్చింది. బోర్లించి, అడుగుమూత తిప్పి, లోపలి గోళీ తీసింది. చక్రాలకి పట్టిన మురికి గోటితో గీకింది. గోళీని పైగుడ్డ కొసకి తుడిచి మళ్ళీ వేసింది.

బాణం అక్కడే ఉంది.

గుమ్మం దగ్గర బ్రాగో గుడ్ల గంప దించుకుంటూ గొంతు తగ్గించింది. "వచ్చిందా?"

"ఎవరత్తా?"

"మీ అమ్మ."

"మౌసు పాడైంది. అంతే."

"అయితే వేరేది పెట్టు."

సొరుగు అడుగున, అమ్మ తలగుడ్డలో చుట్టిన పాత మౌసు ఇంకొకటి ఉంది. విప్పింది. గుచ్చింది.

అదీ... కదల్లేదు.

"ఒహెమెంగ్ ఒకసారి వానలో మీ అమ్మ మీద బురద కొట్టించాడు," బ్రాగో గుసగుసలాడింది. "కొత్త బట్టలు. ఆవిడ మర్చిపోయే మనిషి కాదు."

"నీకు పుణ్యముంటుంది, ఒక గుడ్డు తిని నోరు మూసుకో అత్తా."

"మిషను ఆపి మళ్ళీ వెయ్యరాదూ?"

అఫ్రియే తల అడ్డంగా ఊపింది. అది అమ్మ పెట్టిన కట్టు. పోయినవాళ్ళ మొహం తెరమీద ఉండగా, పని పూర్తికాకుండా మిషను ఆపకూడదు. "దీపం ఆర్పేసి శవాన్ని చీకట్లో వదిలిపోతామా?" అనేది. ఆ మాట అఫ్రియే ఒక్కనాడూ దాటలేదు. అప్పటిదాకా చేసింది కీబోర్డు మీటలతోనే భద్రం చేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఒంటిగంట. రెండు. ఒహెమెంగ్ ఒక్క కన్నుతో చూస్తున్నాడు...

రెండున్నరకి కరెంటు పోయింది.

ముసలాయన పోయాడు. గోడలు పోయాయి. పక్కనున్న బ్రాగో ఊపిరి కూడా వినబడలేదు.

అఫ్రియేకి భయపడే ఓపిక కూడా లేదు. "తాతా, నేను ఆర్పలేదు. కరెంటువాళ్ళు ఆర్పారు," అని నెమ్మదిగా చెప్పింది. "అమ్మా... ఇక నీ ఇష్టం. నేను అలిసిపోయాను."

బల్లమీద తల వాల్చేసింది.

ఎంతసేపయిందో తెలీదు. ఉన్నట్టుండి వెలుగు. స్విచ్చి వేసే ఉంది కాబట్టి మిషను గుర్రుమంటూ దానంతటదే లేచింది. తెర తెల్లబడింది. నడిమధ్య బాణం.

మెల్లగా... పక్కకి జరిగింది.

బ్రాగో కాలు తగిలి గంప బోర్లాపడింది. గుడ్లు నేలమీద దొర్లాయి. "అఫ్రియే... ఎవరూ పట్టుకోకుండానే... నడుస్తోంది..."

అఫ్రియే తలెత్తింది. బాణం ఆగింది. మళ్ళీ తల వాల్చింది. బాణం జరిగింది.

ఆమె మోచెయ్యి కింద అమ్మ మౌసు ఉంది.

ఒహెమెంగ్‌ని మళ్ళీ తెరిచింది. నలభై మంది మనవల్నీ పేర్చింది. నాలుగింటికి వ్యాను కదులుతుంటే కిటికీలోంచి డిస్కు డ్రైవరు చేతిలో పెట్టింది.

పొద్దున్నే న్యార్కో తాళం పట్టుకుని వచ్చాడు. అఫ్రియే ఆయన్ని లోపలికి పిలిచి కుర్చీ వేసింది. మిషను నడుస్తుండగా మౌసు తోక పీకింది, మళ్ళీ గుచ్చింది—బాణం చచ్చింది. మిషను ఆపి వేసింది—బతికింది. మూడుసార్లు చూపించింది.

"మిషను నిద్రలేచేటప్పుడు ఈ పాతరకం తోక గుచ్చి ఉంటేనే గుర్తుపడుతుంది బాబాయ్. మధ్యలో ఊడితే, తిరిగి గుచ్చినా దానికి తెలీదు. పడుకుని లేవాల్సిందే. మామూలు పనుల్లో ఊడితే విసుక్కుని ఆపి వేసేవాళ్ళం, బాగయ్యేది. ఎందుకు బాగయిందో ఎవరం అడగలేదు. పోయినవాళ్ళ దగ్గర మాత్రం అమ్మ మాట మీద, వ్యాను వెళ్ళిపోయేదాకా ఆపలేదు... మర్యాద చేసింది మేము. దెయ్యం పేరు అమ్మకి."

న్యార్కో చాలాసేపు మౌసు వంకే చూశాడు. తాళం జేబులో వేసుకున్నాడు. గుమ్మం దాటాక ఆగాడు.

"అంతా బానే ఉంది. మరి సరిగ్గా ఆ వేళకి కరెంటు తీసిందెవరంటావ్?"

అదీ మన మనుషుల తీరు. ఇప్పటికీ డ్రైవర్లు ఆ గది గోడమీద సుద్దతో శిలువ గీసి మరీ లారీ ఎక్కుతారు. చేతిరాత బాగున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ శిలువ తుడిచెయ్యండి. మామే అచియా ఎవర్నీ పట్టుకోలేదని, చచ్చినవాళ్ళని చీకట్లో వదలొద్దని చెప్పిన మనిషని, అక్కడ పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. తప్పుల్లేకుండా.