నిమ్మగుంతలో చిత్రిక చప్పుడు

మా దెనావు వైపు, చలికి తట్టుకోవాలని, నిమ్మచెట్లను నడుములోతు గుంతలో పెంచుతాం. నావి ముప్పై ఎనిమిది చెట్లు. గుంత మీద దూలాలు, దూలాల మీద ప్లాస్టిక్ పట్టా, నడిమధ్యలో ఆ బరువంతా మోసే ఒక్క మల్బరీ గుంజ. నా నడుమంత లావు. అది విరిగి కప్పు కూలిందంటే ఒక్కరోజు చలికే పదకొండేళ్ల చెట్లు నల్లబడిపోతాయి.

లోపల తడి ఉక్క. కర్రంతా బూజు. బూజు విషయంలో నేను సొంతంగా పండితుణ్ణయ్యాను, అంటే చేయదగ్గ తప్పులన్నీ వరసగా చేశాను. సున్నం కొట్టాను, సున్నం మీదే మొలిచింది. మైలుతుత్తం పూశాను, నా గడ్డం నీలమైంది గానీ బూజు చెక్కుచెదరలేదు. గీకి, అవిసె నూనె పట్టించాను. బూజు ఆ నూనె తాగి ఒళ్లు చేసింది. గాలి ఆడాలని రోజూ మధ్యాహ్నం తలుపు తీసి పెట్టాను, జలుబు నాకు పట్టింది.

ఈ శీతాకాలం బూజంతా గుంజ మీదికే చేరింది. అదీ ఛాతీ ఎత్తులో, అరచెయ్యంత మచ్చగా. ఎన్నిసార్లు తుడిచినా అక్కడే.

నా భార్య ఓయ్‌నిసా లాంతరు దగ్గరగా పెట్టి చూసింది.

"పిల్లల నాన్నా, ఆ రోజు ఉస్తా నర్మత్ చెయ్యి ఆనించి నిలబడింది ఇక్కడే కదూ?"

అవును, సరిగ్గా ఇక్కడే.

ఈ కప్పు ఎత్తిన వడ్రంగి ఆయనే, పనిలో చెయ్యి తిరిగినవాడని అందరూ ఉస్తా అనేవాళ్లు. చివరి దూలం కూర్చున్న రోజు వడ్రంగి భుజాల మీద కొత్త చపాన్, అదే దూది కుట్టిన పొడుగు అంగీ, కప్పాలి. మా ఊళ్లో పసిపిల్లలకీ తెలుసు. నాకూ తెలుసు. కానీ నేను తెలివైనవాణ్ణి కదా!

"ఇల్లు కాదుగా ఉస్తా, గుంత. గుంతకి చపాన్ ఏమిటి?" అన్నాను.

ఆయన గుంజకి ఆనుకుని నవ్వాడు. "అలాగే తమ్ముడూ. చలికి నేను అలవాటు పడ్డవాణ్ణేలే." ఆ చలికాలమే పోయాడు.

"కప్పండి," అంది ఓయ్‌నిసా. "ఇప్పుడైనా."

కప్పాను. నాదే, పాతది, మోచేతి దగ్గర చిరిగింది. కొత్తది గుంజకెందుకు?

మర్నాడు మధ్యాహ్నం. చలికి పట్టా మీద గడ్డి చాపలు పరిచి ఉన్నాయి, లోపల చీకటి. నిమ్మపూల వాసన. దాని కింద... అప్పుడే కోసిన కర్ర వాసన.

సర్ర్... సర్ర్...

కర్రని నునుపు చేస్తూ చిత్రిక పడుతున్న చప్పుడు.

లాంతరు ఎత్తాను. ఎవరూ లేరు. గుంజ మీద బూజు లేదు. పాలలా తెల్లగా మెరుస్తోంది. మొదలు దగ్గర, ఉంగరాలు తిరిగిన చెక్క పొరలు... వెచ్చగా.

నిజం చెప్పొద్దూ, సంతోషించాను! ఎన్నేళ్ల పీడో వదిలింది. ఇంత పనిమంతుణ్ణి ఊరికే పోగొట్టుకున్నానే అనుకున్నాను.

మర్నాడూ చెక్క పొరలే. ఆ మర్నాడూ. గుంజ నా తొడంత అయింది.

పరిగెత్తి దెనావు బజారులో పట్టు చపాన్ కొన్నాను. గుంజకి కప్పి దండం పెట్టాను. "ఉస్తా, తప్పు నాది. పని అయిపోయింది. అద్భుతంగా ఉంది. ఇక చాలు."

చెవి పక్కనే చల్లటి ఊపిరి.

"తమ్ముడూ... ఇంకా కొంచెం గరుగ్గా ఉంది."

పొద్దున చూస్తే చపాన్ మడతపెట్టి గడప మీద ఉంది.

పక్కన కొత్త గుంజ నిలబెట్టాను. తెల్లారేసరికి దాన్నీ నున్నగా చెక్కి సన్నం చేశాడు. ముల్లాను పిలిచి చదివించాను. ఆయన చదువుతున్నంతసేపూ నిశ్శబ్దం. ఆయన మెట్లెక్కగానే... సర్ర్.

"చెట్లు పోతే పోనీ, మీరు లోపలికెళ్లకండి," అని ఓయ్‌నిసా నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

ఎలా వెళ్లకుండా ఉంటాను? ఇవాళ పొద్దున వెళ్లి గుంజను ఒక చేత్తో పట్టుకున్నాను. బొటనవేలూ నడిమివేలూ ఒకదాన్నొకటి తాకాయి.

ఇప్పుడు బయట మంచు మొదలైంది. పట్టా కిందికి వంగుతోంది. తలుపుకి చెవి ఆనించి వింటున్నాను.

సర్ర్... సర్ర్...

ఈసారి రెండు. ఒకటి ఉస్తాదే, ఆ ఒడుపు నాకు తెలుసు.

రెండో చిత్రిక ఎవరిదో... పని ఇంకా చేతకానట్టుంది. చూస్తే, తలుపు మీది నా కుడిచెయ్యి ఆ చప్పుడుతో పాటే ముందుకీ వెనక్కీ కదులుతోంది.