ఇరవై మూడు చీటీల్లో ఒకే పేరు

పిల్లల సంగతి ఏదన్నా ఉంటే ఇంట్లో ఎవరికి కబురు చేయాలి?

తార టీచర్ అడిగింది ఇంత చిన్న ప్రశ్న. దానికి ఇరవై మూడు ఇళ్ల నుంచి ఒకే జవాబు వచ్చింది.

హన్మండ్లు.

మొదటి చీటీ చూసి ఎవరో తండ్రి అనుకుంది. మూడో చీటీకి, ఆర్మూర్‌లో ఈ పేరు బాగానే చెల్లుతున్నట్టుంది అనుకుంది. పదో చీటీకి కుర్చీలోంచి లేచింది. అన్నీ బల్ల మీద పరిచి చూస్తే పేరే కాదు, చేతిరాత కూడా ఒక్కటే. బోర్లించిన గిన్నెల్లా గుండ్రటి అక్షరాలు. పైగా ప్రతి చీటీ మూలా ఒక పసుపు వేలిముద్ర.

అది 1988 జూన్. బడి తెరిచి వారమైంది. తార నవీపేట్ పిల్ల, కొత్త టీచర్, అదీ ఏడాదికి మాత్రమే. పంపేముందు తల్లి రాధాబాయి ఒక మాట తీసుకుంది. "హెడ్మాస్టర్ నీకు కొలువు ఇచ్చినన్ని దినాలు నేను అడ్డం రాను. వద్దన్న దినం బస్సెక్కి ఇంటికి రా, నేను చూపిచ్చిన పిలగాన్ని చేసుకో."

అందుకే తార మొదటి వారంలోనే తన సత్తా చూపించాలనుకుంది. ఒకటో తరగతి తల్లిదండ్రుల కోసం ఒక కాగితం రాసి, సైక్లోస్టైల్ చేయించి, పిల్లల చేతికిచ్చి పంపింది. బడి తొమ్మిదిన్నరకు, పలక మరవొద్దు, గోళ్లు తీయండి, జ్వరమొస్తే పంపొద్దు, బీడీ ఆకు కత్తిరించడానికి పిల్లల్ని ఆపొద్దు. ఇలాంటివే మొత్తం ఏడు మాటలు. కింద చింపి పంపడానికి ఒక చీటీ.

హెడ్మాస్టర్ బాబురావు సార్ ఆ చీటీలను కళ్లద్దాలు పైకెత్తి ఒకసారి, దించి ఒకసారి చూశాడు.

"గీ హన్మండ్లు ఎవరమ్మా, ఇరవై ముగ్గురు పోరగాళ్లను కన్నడు?"

"అదే తెల్వది సార్."

"తండ్రి పేరు లేంది రిజిస్టర్ల పేరెక్కదు. సోమవారం ఇన్‌స్పెక్టర్ వస్తుండు. శనివారం లోపల ఇరవై ముగ్గురి తండ్రుల పేర్లు నా టేబుల్ మీద ఉండాలె. లేకుంటె నీ కాగితాలు చాలు, నువ్వు చాలు."

నవీపేట్ బస్సు హారన్ తార చెవుల్లో అప్పుడే మోగింది. కానీ నిజం చెప్పాలంటే, ఆమెను భయం కన్నా ఇంకోటి ఎక్కువ పీకుతోంది. ఎవరీ మనిషి?

ఆర్మూర్‌లో పసుపు వేళ్ల మనిషిని వెతకాలంటే పసుపు మార్కెట్‌కే పోవాలి. బడికీ దానికీ మధ్య ఒక గోడే అడ్డం. మధ్యాహ్నం ఇంటర్వెల్‌లో తార అటు నడిచింది. సీజన్ చివరికొచ్చింది, అక్కడక్కడా కుప్పలు మిగిలాయి. ఒక షెడ్డు కింద ఒక యువకుడు నల్లరంగు డబ్బా పక్కన పెట్టుకుని, కుంచెతో బస్తాల మీద రైతుల పేర్లు రాస్తున్నాడు. బోర్లించిన గిన్నెల్లాంటి అక్షరాలు.

"హన్మండ్లు అంటే మీరేనా?" అంది తార.

"నేనే. మీరు?"

"ఒకటో తరగతి టీచర్‌ను. ఇరవై ముగ్గురు పిల్లలకు మీరే దిక్కని చీటీలు వచ్చినయి."

"ఇరవై మూడేనా? నేను ఇరవై నాలుగు రాసిన. ఒకటి తొవ్వల తడిసిపోయినట్టుంది."

తారకు నవ్వు రాబోయింది. టీచర్ కాబట్టి ఆపుకుంది. "ఒకరి చీటీల మీ పేరు రాసుడు తప్పు కాదా?"

"మీరు అడిగిందేంది మేడం? ఎవరికి కబురు చెయ్యాలె అని. మా గల్లీల మొగోళ్లు సగం మంది దుబాయ్, మస్కట్‌ల ఉన్నరు. పోరనికి జరమొస్తే మస్కట్‌కు కబురు చేస్తరా? తల్లులు బీడీల మీదకెళ్లి లేస్తే చాట మీది ఆకు ఎండిపోతది. నేనైతే గోడ పక్కనే ఉంట. గందుకే నా పేరు రాయమన్నరు, రాసిన."

"మరి తండ్రి పేరు?"

"మీరు అడగలే."

తార చేతిలోని చీటీ మళ్లీ చూసింది. పిల్లల పేరుంది, వయసుంది, జబ్బులున్నాయి. తండ్రి పేరుకు గీతే లేదు. స్టెన్సిల్ మీద చోటు చాలక, ఏడో మాట పట్టించడానికి ఏదో ఒక గీత కొట్టేసిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ గీత ఇదే. దాంతో దిగిపోయింది ఆమె కోపం.

"అయితే మీరే చెప్పుండ్రి. గల్లీల అందరి పేర్లు మీకెరుకే కదా."

"ఎరుకే. కని చెప్ప."

"ఎందుకు?"

"పొద్దుమీకి నాలుగ్గొట్టంగ లింగవ్వ ఇంటి అరుగు మీదికి రాండ్రి. తల్లులందరు ఆడ్నే బీడీలు చేస్తరు. మీరే అడుగుండ్రి. టీచర్లు కాగితం పంపుతరు గని మనిషి రారని వాళ్లకో బాధ ఉన్నది."

అంతలో ఆకాశం విరుచుకుపడింది. తార గొడుగు తేలేదు. హన్మండ్లు ఒక ఖాళీ గోనెసంచి తీసి, ఒక మూలను ఇంకో మూలలోకి దోపి, కొప్పెర చేసి ఇచ్చాడు. తార అది నెత్తిన వేసుకుని దర్జాగా బడికి వచ్చింది. వరండాలో మూడో తరగతి పిల్లలు ఆమె వీపు మీది నల్లరంగు అక్షరాలు చూసి ఒక్కసారిగా చదివారు.

"ముత్తెన్న, ముప్కాల్."

బాబురావు సార్ గదిలోంచి దగ్గు వినిపించింది. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

సాయంత్రం లింగవ్వ అరుగు మీద ఇరవైకి పైగా చాటలు, అన్ని జతల చేతులు. ఈ గల్లీలో లింగవ్వ మాటకు ఎదురు లేదు. మనవడు ఒకటో తరగతిలో ఉన్నాడు. ఆమె తారను పక్కన కూర్చోబెట్టుకుంది. హన్మండ్లు గడప అవతల గోడకానుకుని నిలబడ్డాడు.

"అక్కా, మీ ఆయన పేరేంది?" అని మొదటి తల్లిని అడిగింది తార.

ఆమె కొంగు మూతికడ్డం పెట్టుకుంది. రెండో ఆమె చాటలోకి తలవంచింది. మూడో ఆమె "మా పోరని బాపు" అంది.

"పోరగాళ్లను అడిగితే వాళ్లు కూడ బాపు అనే అంటున్నరు. పెనిమిటి పేరు చెప్తే నోరు కాలుతదా?"

"కాలదు బిడ్డా, సిగ్గయితది" అంది లింగవ్వ. "నీకింక లగ్గం కాలే, నీకేం ఎరుక."

"నేనైతే పదిమందిల నిలవడి చెప్త."

"చూస్తం గద."

చివరికి లింగవ్వే ఉపాయం చెప్పింది. తల్లులు గుర్తులు చెబుతారు, టీచరమ్మ పేరు కనుక్కోవాలి.

"పోచంపాడు కాడ ఆనకట్ట కట్టి ఆపిండ్రు సూడు, దానెనక రాముణ్ణి పెట్టు" అంది మొదటి తల్లి.

"గోదారి రాముడా?"

అరుగంతా నవ్వింది. గోడకానుకున్న హన్మండ్లు గాలితో మాట్లాడుతున్నట్టు, "మా దిక్కు గోదారిని గోదారి అనరు" అన్నాడు. నవీపేట్ పక్క నుంచి పారేదీ ఆ గంగేనని తారకు సిగ్గేసింది.

"గంగారాం" అని రాసుకుంది.

"భీంగల్ కాడి గుట్ట. జాతరకు పోతం" అంది రెండో ఆమె.

"లింబాద్రి."

"పండరిపురంల నడుం మీద చేతులేస్కొని నిలవడ్డడు" అంది మూడో ఆమె.

"విఠల్."

పేరు సరిగ్గా పలికిన ప్రతిసారీ ఆ తల్లి ముఖం చూడాలి. వేల మైళ్ల అవతలి మనిషి ఒక్క క్షణం వచ్చి పక్కన కూర్చున్నట్టు వెలిగేది. దీపాలు పెట్టే వేళకు ఇరవై మూడు పేర్లూ పూర్తయ్యాయి, తడిసిపోయిన చీటీతో కలిపి ఇరవై నాలుగు. తారకు ఇంత సంతోషం ఎందుకో ఆమెకే అంతుపట్టలేదు.

వాన వెలిసిన గల్లీలో హన్మండ్లు సందు మొగదాకా తోడొచ్చాడు.

"ఒకటి అడగాల్నా?" అంది తార. "తల్లులు రాయమంటే రాసిండ్రు, సరే. తండ్రి పేర్లు పక్కన రాయనీకి కాగితంల చోటు ఉండె. మీకు తోచలేదా?"

హన్మండ్లు వేళ్ల పసుపును చొక్కాకు రుద్దాడు. అది పోయేది కాదు.

"తోచింది."

"మరి?"

"మీ కాగితం గల్లీల అందరికి నేనే చదివి వినిపిచ్చిన. ఏడో మాట మీద ఆగిన. ఆలస్యమైందని పిల్లల్ని ఇంట్ల ఉంచకండి, ఎప్పుడొచ్చినా తలుపు తీసే ఉంటుంది అని రాసిండ్రు. నన్ను రెండో తరగతిల ఆలస్యమైందని మూడు దినాలు వాపస్ పంపిండ్రు. నాలుగో దినం నేనే పోలే. మళ్ల బడి తొవ్వ పట్టనీకి రెండేండ్లు పట్టింది." అతను ఆగాడు. "గీ మాట రాసినామెను చూడాలనిపిచ్చింది. ఒక్క చీటీల నా పేరుంటే మీరు రారు. ఇరవై నాలుగిట్ల ఉంటే రాకుంట ఉండరు."

 తండ్రి పేరు గీత కొట్టేసింది ఆ ఏడో మాట కోసమేనని తార అతనికి చెప్పాలనుకుంది. ఆ రోజుకు దాచుకుంది.

శనివారం పేర్లు టేబుల్ మీదికి చేరాయి. సోమవారం ఇన్‌స్పెక్టర్ రిజిస్టర్ తిప్పి సంతకం చేశాడు. బాబురావు సార్ మెచ్చుకోలేదు గానీ, తార కాగితాన్ని తన గది గోడకు అంటించుకున్నాడు.

తర్వాత ఏడాదంతా ఏ పిల్లకు జ్వరమొచ్చినా, ఎవరి చెప్పు తెగినా కబురు గోడ దాటి హన్మండ్లుకే పోయేది. అతను వచ్చేవాడు. ఒకటో తరగతిలో అంత జ్వరాలుండవని, కొన్ని కబుర్లు ఉత్తవేనని మూడో తరగతి పిల్లలు కూడా కనిపెట్టేశారు.

మళ్లీ జూన్ వచ్చింది. బడి తెరిచిన రోజే రాధాబాయి నవీపేట్ నుంచి దిగింది. వరండాలో తల్లులు కొత్త కాగితాల కోసం నిలబడి ఉన్నారు, ముందర లింగవ్వ.

"హెడ్మాస్టర్ ఇంకో ఏడాది కొలువు ఇస్తుండట. నా మాట నేను తప్ప" అంది రాధాబాయి. "కని మాక్లూర్ సంబంధమోళ్లు ఇయ్యాల జవాబు అడుగుతున్నరు. నీ మనసుల ఎవలన్న ఉంటే పేరు చెప్పు, పోయి మాట్లాడొస్త. లేకుంటె వాళ్లకు సరే అంట."

తార నోరు తెరిచింది. మూడక్షరాల పేరు. ఏడాదిగా నోట నానిన పేరు. నాలుక చివరిదాకా వచ్చి అక్కడే కూర్చుంది. చెంపలు వేడెక్కాయి. మాక్లూర్‌కు కబురు పోతుందని తెలుసు, అయినా పేరు మాత్రం కదలదు.

"చెప్పు టీచరమ్మా" అంది లింగవ్వ. "నోరు కాలుతదా?"

తార తల వంచుకుంది. "లంక కాలవెట్టినాయన" అంది, తనకే వినపడనంత మెల్లగా.

వరండా అంతటికీ వినపడింది. లింగవ్వ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, రాధాబాయి చెయ్యి పట్టుకుంది. "వదినా, పేరు నోట్లకెళ్లి రాలేదంటే లగ్గం సగం అయిపోయినట్టే."

అప్పుడే గేటు దగ్గర హన్మండ్లు కనిపించాడు. వానకు నెత్తిన గోనె కొప్పెర, చంకలో గల్లీ కొత్త పిల్లల పేర్లు ముందే రాసుకొచ్చిన చీటీల కట్ట. రాధాబాయి అతన్ని, పసుపు వేళ్లను, కూతురి వంచిన తలను వరుసగా చూసింది.

"ఏం పిలగా, మీ ఇంట్ల ఎవరికి కబురు చెయ్యాలె?"

హన్మండ్లుకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. "మా నాయిన ధర్మయ్యకు" అన్నాడు, తడుముకోకుండా.

"మరి ఏ పిల్ల కొరకు వచ్చినమని చెప్పాలె?" అంది లింగవ్వ. "పేరు చెప్పు."

పొద్దంతా బస్తాల మీద పేర్లు రాసే మనిషి తార వైపు చూశాడు, నేల చూశాడు, చీటీల కట్టను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చాడు.

"ఏడో మాట రాసినామె" అన్నాడు.

రాధాబాయి తన గొడుగు తెరిచి, ధర్మయ్య ఇంటికి తొవ్వ ఎటని లింగవ్వను అడిగింది.