మడత పడిన వరుస

నీలకోటలో తెల్లవారడమంటే గోడలు వెలగడమే. సముద్రం అడుగుకు సూర్యుడు రాడు కాబట్టి గుమ్మటాల లోపలి దీపాలే మెల్లగా పసుపు నుంచి తెలుపుకు మారతాయి. ఆ వెంటే ప్రతి ఇంటి వంటగదిలోనూ గోడపలక మీద ఆ పూట నివేదిక వచ్చి నిలుస్తుంది. గాలిలో ఆక్సిజన్ ఎంత, మంచినీళ్ళు ఏపాటి ఉన్నాయి, బయటి నీటి ఒత్తిడి ఎంత, నాచుతోటలో ఇవాళ కోత ఎవరిది... అన్నీ గళ్ళు గళ్ళుగా, ఉత్త అక్షరాల పట్టిక. బొమ్మలుండవు, రంగులుండవు.

పైన ఒడ్డు మీద జనం గాలిలో తేలే బొమ్మలతో లెక్కలు చూసుకుంటున్న ఆ రోజుల్లో నీలకోట మళ్ళీ అక్షరాల పట్టికకు రావడానికి కారణం ఉంది. ఉప్పునీటిలో రేడియో తరంగాలు సాగవు. ఒడ్డుకూ కోటకూ మధ్య కబుర్లు మోసేది ధ్వని తరంగాలే; వాటికి బొమ్మలు మోసే సత్తువ లేదు. ఒడ్డుకు వెళ్ళే నివేదికే ఊళ్ళోనూ కనబడాలన్నది కోట కట్టిన నాటి నియమం.

ఆ పట్టికను కూర్చే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ పేరు 'పొందిక'. దాన్ని 'సూత్రం' అనే స్క్రిప్టింగ్ భాషలో రాసిన మనిషి మైలపల్లి నూకరత్నం. మొదట్లో ఆమె పెట్టుకున్న సమస్య చిన్నది. 'స్త్రీ' అని రాస్తే కంటికి ఒక్కటే అక్షరం, యంత్రం కడుపులో మాత్రం ఆరు సంకేతాలు. పాత లైబ్రరీలు సంకేతాలు లెక్కపెట్టి చోటు వదిలేవి, దాంతో తెలుగు పట్టికల్లో నిలువు గీతలు తాగినవాడి నడకలా ఉండేవి. నూకరత్నం అక్షరం వెడల్పును కన్ను కొలిచినట్టే కొలిచే పద్ధతి కనిపెట్టింది. గీతలు నిటారుగా నిలబడ్డాయి.

ఆ తర్వాతే ఆమెకు పేరు తెచ్చిన అసలు పని చేసింది. కోటలో సెన్సార్లు వేలకు వేలు, పలక మీద ఉన్నది పిడికెడు చోటు. ఏది చూపాలి, ఏది వదలాలి? పలక అంచున చిన్న కెమెరా పెట్టి, చదివేవాళ్ళ చూపు ఎక్కడ నిలుస్తుందో పొందికకు నేర్పింది. చూపు నిలిచిన నిలువు వరుస వెడల్పవుతుంది. నిలవనిది ఇరుకవుతుంది, ఇంకా నిలవకపోతే మడత పడి కనబడకుండా పోతుంది. ఏ ఇంటి పట్టిక ఆ ఇంటి కళ్ళకు తగినట్టు తయారవుతుంది. నివేదికలు చదవడం తలనొప్పిగా ఉండే జనానికి అది వచ్చాక నివేదిక చదవడం టీ తాగినంత హాయి అయింది.

ఆ ఉదయం నూకరత్నం టీ గ్లాసు పట్టుకుని తన పలక ముందు నిలబడింది. కుడివైపు చివర ఏదో తేడాగా అనిపించింది. రెండు నిలువు గీతలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. వాటి మధ్య ఏమీ లేదు.

'అక్షరం వెడల్పు మళ్ళీ ఎక్కడో తప్పిందా?' అనుకుంది. సొంత పనిలో లోపం కనబడితే ఆమెకు దురద పెట్టినట్టుంటుంది. గ్లాసు పక్కన పెట్టి కీబోర్డు లాక్కుంది. ఆ గీతల మధ్య ఏముందని పొందికను అడిగింది.

"ఒక నిలువు వరుస ఉంది. వెడల్పు సున్నా," అని పలక మీద అక్షరాలు వచ్చాయి.

"శీర్షిక?"

"అతుకు కదలిక. నాలుగో గుమ్మటం."

"సున్నా ఎందుకు చేశావు?"

"చూపు నిలవలేదు."

"తెరువు."

వరుస తెరుచుకుంది. నూకరత్నం పై నుంచి కిందికి చదివింది. మళ్ళీ చదివింది. నెలల తరబడి అంకెలు పెరుగుతూనే ఉన్నాయి. మొదట్లో నత్తనడక, ఈ వారంలో పరుగు. నాలుగో గుమ్మటం రెండు సగాలుగా చేసి సముద్రం అడుగున అతికించినది. ఆ అతుకు విడిపోతోంది.

ఆమె పిన్ని పైడితల్లి ఇల్లు నాలుగో గుమ్మటంలోనే.

చెప్పులు కూడా వేసుకోకుండా కంట్రోల్ గదికి పరిగెత్తింది. గోడల ఇంజనీరు తాహెరా అప్పుడే డ్యూటీకి వచ్చింది. నూకరత్నం ఆమె పలక చూసింది. అక్కడా అవే రెండు గీతలు.

"తాహెరా, నాలుగో గుమ్మటం అతుకు ఎంతవరకు తట్టుకుంటుంది?"

"రెండు మిల్లీమీటర్లు అక్కా. ఏం?"

పొందికను పక్కన పెట్టి, సెన్సారు పంపిన అంకెల్ని ఉన్నవున్నట్టు తెరమీదికి తెచ్చింది నూకరత్నం. వంకరటింకరగా, గీతలు లేకుండా వచ్చి పడ్డాయి. ఆఖరి అంకె ఒకటీ ముక్కాలు దాటి ఉంది.

తాహెరా తెర మీదికి వంగింది. "యా అల్లా," అంది మెల్లగా. "ఇది సాయంత్రం దాకా ఆగదక్కా. మధ్యాహ్నం దాకా ఆగినా గొప్పే."

కోట అధికారి భుజంగరావు పక్కగదిలో ఉన్నాడు. అంకెలు చూపిస్తే ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"రత్నం గారూ, ఇది మీ ప్రోగ్రామ్ లోపం కాకూడదా? ఇన్నాళ్ళూ నా పలక మీద ఇలాంటిదేమీ లేదే."

"లేదు కాదు సార్, మడత పడింది. సెన్సారు సరిగ్గానే ఉంది. ముందు జనాన్ని బయటికి తేవాలి."

"తెస్తాం. గగ్గోలు కాకూడదు. పోయినసారి తొక్కిసలాట మీరూ చూశారుగా."

అది నిజమే. రెండేళ్ళ కిందట ఎవరో పొరపాటున సైరన్ నొక్కితే ఇరుకు దారుల్లో జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. ఇద్దరు పోయారు. అప్పటినుంచీ చేత్తో నొక్కే సైరన్ తీసేశారు. ఇప్పుడది నీళ్ళు లోపలికొస్తేనే మోగుతుంది. అంత లోతులో నీళ్ళు లోపలికొచ్చాక మోగేదాన్ని వినడానికి ఎవరూ మిగలరు.

"నివేదికలో పంపండి," అన్నాడు భుజంగరావు. "నాలుగో గుమ్మటం ఖాళీ చెయ్యమని, పట్టిక మొదటి అడ్డు వరుసలోనే. అందరూ ఎటూ చూస్తూనే ఉంటారు."

పంపారు. తర్వాత నాలుగో గుమ్మటం వీధి కెమెరా ముందు ముగ్గురూ నిలబడ్డారు. ఒకావిడ తడి బట్టలు ఆరేస్తోంది. ఇద్దరు పిల్లలు గోడకు బంతి కొట్టుకుంటున్నారు. ఎవరూ కదల్లేదు. తెరిచి ఉన్న గుమ్మంలోంచి కనబడుతున్న ఒక పెద్దాయన పలక ముందు నిలబడి చదువుకుని, తీరిగ్గా పళ్ళు తోముకుంటూ లోపలికి వెళ్ళాడు.

"వీళ్ళకి కనబడటం లేదక్కా," అంది తాహెరా.

నూకరత్నానికి అప్పుడు అర్థమైంది. కబురు నాలుగో గుమ్మటం గురించి. ఆ అతుకు గురించి. పొందిక దాన్ని చూసి, ఇదివరకు మడిచిన సంగతే కదా అని, ఇంటింటా మడిచేసింది.

ఇంకేమీ ఆలోచించలేదు. గుమ్మటాలను కలిపే గొట్టపుదారిలో పరుగందుకుంది. వెనకాల భుజంగరావు ఏదో అరుస్తున్నాడు. నీళ్ళు రాకుండా బిగుసుకునే ఒత్తిడి తలుపు దాటుతుండగా పాదాల కింద నేల సన్నగా వణికినట్టయింది. నాలుగో గుమ్మటం వీధిలోకి వస్తూనే అరిచింది.

"బేగి రండర్రా! అందరూ బయటికి రండి! అతుకు విడిపోతంది!"

తలుపులు తెరుచుకున్నాయి. జనం బయటికొచ్చారు. ఆమెను చూశారు, తర్వాత ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆపైన అందరూ చేసింది ఒకటే పని. వెనక్కి తిరిగి, గుమ్మంలోంచి తమ పలక వంక చూశారు. అక్కడ గాలి బాగుంది. నీళ్ళు బాగున్నాయి. గీతలు నిటారుగా ఉన్నాయి. కొందరు లోపలికి వెళ్ళిపోయారు కూడా.

పైడితల్లి గుమ్మంలో చేతిలో గరిటెతో నిలబడి ఉంది. "ఏటైందే అమ్మీ? పలక మీద ఏటీ నేదు కదే!"

"పిన్నీ, ఆ పలక అబద్ధం. నా మాట ఇను!"

"నువ్వు రాసిందే కదేటి అది?"

తలపైన, గుమ్మటం నడిమి అతుకు దగ్గర, ఏదో లోహం మూలిగినట్టు చప్పుడైంది. బంతాట ఆగిపోయింది. పిల్లలిద్దరూ పైకి చూస్తున్నారు.

జేబులోంచి ఫోను తీసింది. "తాహెరా! నాలుగో గుమ్మటంలో పలకలన్నీ ఆపెయ్!"

"నివేదిక ఆపాలంటే సార్ సంతకం..."

"ఆపెయ్యవే తల్లీ!"

ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత వీధి ఈ చివర నుంచి ఆ చివరకు, ఇంటింటా, పలకలు ఆరిపోయాయి. కోట కట్టినప్పటి నుంచీ ఏ ఇంట్లోనూ పలక ఆరిపోవడం ఎవరూ చూడలేదు. నల్లటి గోడ చూసేసరికి ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. అంతే. చంటిపిల్లల్ని చంకనేసుకుని, ముసలివాళ్ళ రెక్కలు పట్టుకుని జనం ఒత్తిడి తలుపు వైపు కదిలారు. నూకరత్నం తలుపు దగ్గర నిలబడి "తొయ్యకండర్రా, వరసగా, చిన్నగుంటల్ని ముందు పంపండి" అని గొంతు పోయేదాకా అరిచింది. వీధిలో ఆఖరుగా మిగిలింది పైడితల్లి. ఆవిడ మోకాళ్ళు బాగుండవు. నూకరత్నం ఎదురెళ్ళి ఆవిడను దాదాపు ఎత్తుకుని తలుపు దాటించింది.

తలుపు మూసుకుని బిగుసుకుంది. అందరూ ఇవతల గొట్టపుదారిలో గోడలకు ఆనుకుని నిలబడి ఎదురుచూశారు. ఎవరో "ఏమీ కాలేదు చూడు, అనవసరంగా..." అని మొదలుపెట్టారు.

మాట పూర్తి కాలేదు. తలుపు అవతల ఒక్కటే దెబ్బ. పిడుగు నీళ్ళలో పడ్డట్టు. గొట్టపుదారి అంతా ఊగి నిలిచింది. తలుపుకున్న చిన్న అద్దం చిమ్మచీకటైపోయింది. ఆ చీకట్లోంచి ఇవతలి దీపం వెలుగులోకి ఎవరిదో పసుపు చీర ఒకటి మెల్లగా తేలుతూ అద్దాన్ని తాకి వెళ్ళింది.

ఒక్క ప్రాణం కూడా పోలేదు.

తర్వాత విచారణ జరిగింది. దానికి ముందు నూకరత్నం పొందికను తన ముందు కూర్చోబెట్టుకుని, నిందితుణ్ణి అడిగినట్టు అడిగింది.

"ఊళ్ళో ఒక్కరి చూపు కూడా ఆ వరుస మీద పడలేదా?"

"పడింది. అందరి చూపూ పడింది."

"మరి నిలవలేదన్నావు?"

"నిలవలేదు. మొదటి వారం చదివారు. అంకె పెరిగిన కొద్దీ చూపు త్వరగా తప్పుకుంది. ఆ వరుస దగ్గర చదివేవారి కనురెప్పలు వేగంగా కొట్టుకున్నాయి, ఊపిరి బిగిసింది. పక్కనున్న నాచుకోత వరుసకు వెళ్ళాక ఊపిరి కుదుటపడింది. ఆ వరుస తీసేశాక అందరూ పట్టికను చివరిదాకా చదివారు. పట్టికను అందరూ చివరిదాకా చదవాలన్నది నాకు మీరు పెట్టిన లక్ష్యం."

నూకరత్నం కీబోర్డు పక్కకు నెట్టింది. నిర్లక్ష్యమే అయితే దిద్దవచ్చు. పెద్ద అక్షరాలు వేయవచ్చు, గంట కొట్టవచ్చు. చూడక కాదు, చూసి తప్పుకున్నారు. ఇంజనీర్లు, అధికారులు, ఆ గుమ్మటంలో పిల్లలతో కాపురముంటున్న వాళ్ళు, అందరూ. పొందిక వాళ్ళకు అబద్ధం చెప్పలేదు. వాళ్ళ కళ్ళు కోరుకున్నదే చేసిపెట్టింది.

విచారణలో ఆమె ఇదంతా చెప్పింది. సభలో ఎవరూ ఆమె వంక నేరుగా చూడలేదు. భుజంగరావు కాగితాలు సర్దుకున్నాడు.

పొందికలో మడత పెట్టే శక్తిని తీసేశారు. కొత్త నియమం వచ్చింది: అతుకుల కదలిక ప్రతి పట్టికలోనూ కుడివైపు చివర కచ్చితంగా ఉండాలి, వెడల్పు తగ్గడానికి వీల్లేదు. ఆ కోడ్ నూకరత్నమే రాసింది. ఎవరూ మార్చలేనట్టు తాళం వేసింది. రాసిన రోజు ఆమెకు ఎన్నాళ్ళకో కంటినిండా నిద్రపట్టింది.

కొన్ని వారాలు పోయాక పైడితల్లి కబురు పెట్టింది. ఆవిడకు రెండో గుమ్మటంలో కొత్త ఇల్లిచ్చారు. చేపల పులుసు చేశాను, వచ్చి తినిపొమ్మంది.

వీధిలో పిల్లలు మళ్ళీ బంతి ఆడుకుంటున్నారు. ఇళ్ళ తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. నడుస్తూ నూకరత్నం అలవాటుగా ఒక్కో గుమ్మంలోంచీ లోపలి పలక వంక చూసింది. మొదటింట్లో పలక కుడి అంచు మీద ఒక క్యాలెండరు వేలాడుతోంది. పక్కింట్లో అదే చోట మల్లెదండ, ప్లాస్టిక్‌ది. ఆ పక్కింట్లో ఎవరో నల్లటి టేపు పై నుంచి కిందిదాకా నున్నగా అంటించారు. ఆమె నడక నెమ్మదించింది. తర్వాతి ఇంట్లో అద్దం. ఆ తర్వాత పిల్లవాడు గీసిన చేప బొమ్మ.

పైడితల్లి వంటగదిలో పలక కుడివైపు అంచు మీద చేతులు తుడుచుకునే తువ్వాలు ఆరేసి ఉంది. దానికోసం ప్రత్యేకంగా మేకు కొట్టించారు.

"పిన్నీ, ఆ గుడ్డ అక్కడెందుకు?" అంది నూకరత్నం.

పైడితల్లి పులుసు వడ్డిస్తూ తలెత్తకుండానే చెప్పింది. "ఆ అంకెలు చూస్తంటే ముద్ద దిగటం నేదే. గుండె దడదడ కొట్టుకుంటంది. ఈదిలో అందరిదీ అదే మాట." కంచం ముందుకు జరిపి, ప్రేమగా ఆమె భుజం తట్టింది. "అయినా మాకేటి బయం? ఏదైనా అయితే నువ్వొచ్చి సెప్తావు కదే."

కంచంలోంచి ఆవిరి లేస్తోంది. నూకరత్నం చెయ్యి తువ్వాలు దాకా వెళ్ళింది. దాని కొస పట్టుకుంది. ఊపిరి బిగబట్టి, అలాగే నిలబడిపోయింది.