మగ్గం గుంటకి ఒక ట్రాక్టరు గరుసు

ఆ రోజు కూడా రోశయ్య పొద్దున్నే ఆరింటికల్లా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. ఒకప్పుడు వేటపాలెంలో ఆ వీధి వీధంతా ఇంటికో మగ్గం ఆడేది. ఇప్పుడు మొత్తం మీద నాలుగు మిగిలాయి. ఆ నాలుగింట్లో ఒకటి రోశయ్యది. పక్కనే గోడవారన రాట్నం ముందు కూర్చుని భార్య మాణిక్యమ్మ నూలు కండెలు చుడుతోంది. ఆమె చుట్టిన కండె మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే ఈయన నాడెలోకి వెళ్ళాలి, ఈయన నేసేలోపు ఆమె ఇంకోటి చుట్టాలి. పెళ్ళయిన దగ్గర్నించీ ఇదే వరస.

ఇల్లు రోశయ్య నాన్న కట్టిన పెంకుటిల్లు. ముందు అరుగు, లోపల మగ్గం గది, దాని వెనక నడిమి గది, చివర వంటిల్లు. వానొస్తే ఐదు చోట్ల గిన్నెలు పెట్టాలి. కొడుకు రాము జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. రెండేళ్ళు తిరగ్గా తిరగ్గా వాడికి బ్యాంకు లోను వచ్చింది. బాగున్న గోడలు ఉంచి, పిల్లర్లు లేపి, స్లాబు పోయించాలని అందరూ కలిసి అనుకున్నారు. పదమూడు లక్షలు దాటకూడదు. దాటితే లోను సరిపోదు.

ఎనిమిదింటికి మేస్త్రి నాగూర్ వలి వచ్చాడు. చెవి మీద పెన్సిలు, చంకలో చుట్టిన ప్లాను కాగితం.

"బాబాయ్, ఇక ఆపు నీ చప్పుడు. నీ ఇంటి జాతకం తెచ్చా."

"జాతకంలో ధనయోగం ఉందా, లేదా చెప్పు ముందు."

"ధనం మీది, యోగం నాది," అన్నాడు వలి. రాము పగలబడి నవ్వాడు. రోశయ్య నవ్వుతూనే గుంటలోంచి లేచి అరుగు మీదకి వచ్చాడు. కోడలు ధనశ్రీ అందరికీ టీ గ్లాసులు తెచ్చింది.

వలి ప్లాను పరిచి, ఎగిరిపోకుండా దాని మీద టేపు పెట్టి, ఖర్చుల కాగితం చదవడం మొదలుపెట్టాడు. రోశయ్యకి అక్షరాలు కూడబలుక్కోవడమే గానీ గబగబా చదవడం రాదు. అందుకని చెవి అటు పెట్టి కూర్చున్నాడు.

"పెంకులూ దూలాలూ దించడానికి కూలీ. పిల్లర్లు ఎనిమిది. ఇసుక ఆరు ట్రాక్టర్లు. మగ్గం గుంట పూడ్చడానికి గరుసు ఒక ట్రాక్టరు. వంటింటి గట్టుకి..."

"ఆగాగు. ఏందీ? మళ్ళీ చదువు."

"వంటింటి గట్టుకి..."

"దాని ముందుది."

వలి కాగితంలోంచి తలెత్తి రాము వైపు చూశాడు. రాము టీ గ్లాసులోకి చూశాడు. ధనశ్రీ కొంగు సర్దుకుంది. అంతే, రోశయ్యకి అర్థమైపోయింది. ఈ సంగతి తనకి తప్ప ఇంట్లో అందరికీ తెలుసు.

"మగ్గం గుంట పూడ్చడానికి, గరుసు ఒక ట్రాక్టరు, బాబాయ్," అన్నాడు వలి, గొంతు తగ్గించి.

రోశయ్య చేతిలో గ్లాసు ఒరిగి, టీ కాస్తా పంచె మీద పడింది. కాలిందో లేదో కూడా ఆయనకి తెలియలేదు.

"ఏరా రామూ! ఎవడు చెప్పాడ్రా నీకు గుంట పూడ్చమని? మీ తాత తవ్విన గుంట అది. నిన్ను చదివించింది ఆ గుంటలో కూర్చునే. మీకు స్లాబు కావాలా, వేసుకోండి. పాలరాళ్ళు కావాలా, పరుచుకోండి. నా మగ్గం ఏం అడ్డమొచ్చిందిరా మీకు?"

"నాన్నా, నే చెప్పేది విను..."

"ఏందిరా వినేది? ఆ గదిలో ఏం పెడతారు? సోఫానా? ఏమ్మా ధనశ్రీ, నీ ఆలోచనేనా ఇది? మీ వాళ్ళొస్తే కూర్చోడానికి మంచి గది లేదని ఎన్నాళ్ళ నుంచి మనసులో పెట్టుకున్నావు?"

ధనశ్రీ కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. "నేనేం అనలేదు మామయ్యా," అంది.

"మీరిద్దరూ కాదు, మీ అమ్మ చెప్పాలి. మాణిక్యం! ఇట్రా! నీ కొడుకు మన మగ్గాన్ని పాతిపెడతాడంట. చెప్పు వాడికి!"

మాణిక్యమ్మ గడప దాకా వచ్చి నిలబడింది. చేతికి ఇంకా నూలు పోగులు అంటుకునే ఉన్నాయి.

"వాణ్ణీ పిల్లనీ ఏమనమాక. వలికి చెప్పింది నేను."

రోశయ్యకి ఒక్క క్షణం ఆ మాట ఎవరన్నారో తెలియలేదు. వెనకెవరైనా ఉన్నారేమోనని చూశాడు. ఎవరూ లేరు. ఇన్నేళ్ళలో ఆమె తనకి ఎదురు చెప్పిన రోజు గుర్తు చేసుకుందామంటే ఒక్కటీ గుర్తు రాలేదు.

"నువ్వా?"

"నేనే."

"అన్నం పెట్టింది గదే ఆ మగ్గం!"

"పెట్టింది. కాదని నేనంటే కళ్ళు పోతాయి. దసరాకి దానికి పసుపు రాసి దణ్ణం పెట్టేది నేనే గదయ్యా."

"మరి ఏం కోపం దాని మీద?"

"కోపం కాదు." మాణిక్యమ్మ పోగులు ఒక్కోటీ వేళ్ళ నుంచి ఊడదీసుకుంది. "కాళ్ళు చాపుకుని పడుకుందామని."

రోశయ్య నవ్వబోయాడు. "ఇన్నాళ్ళూ నిలబడి పడుకున్నావా ఏంది?"

ఎవరూ నవ్వలేదు. అప్పుడు ధనశ్రీకి ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, కళ్ళు తుడుచుకుని ముందుకొచ్చింది.

"మామయ్యా, మొన్న మా పుట్టింటికి తీసుకెళ్ళానుగా అత్తయ్యని. పెద్ద మంచం మీద పడుకోబెట్టాను. తెల్లారి చూస్తే ఓ మూల చంటిపిల్లలా ముడుచుకుని ఉన్నారు. కాళ్ళు చాపండత్తయ్యా అంటే, రావట్లేదమ్మా, ఇట్టానే అలవాటైపోయింది అన్నారు. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పారు. నేనొచ్చి మీ అబ్బాయికి చెప్పాను."

"నాకూ అప్పటిదాకా తెలీదు నాన్నా," అన్నాడు రాము. "ఒకే ఇంట్లో పుట్టి పెరిగి, నాకు తెలీలేదు."

"ఏంది తెలీంది? ఏంది మీరంతా మాట్లాడేది?"

మాణిక్యమ్మ లోపలికి పోయింది. కాసేపటికి పిండి మర ఆడించుకొస్తానని డబ్బా పట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయింది. రోశయ్య వైపు చూడనైనా చూడలేదు. వలి ప్లాను చుట్టుకోకుండానే రేపొస్తానని లేచాడు. రాము డ్యూటీకి పోయాడు. ధనశ్రీ వంటింట్లోకి వెళ్ళింది.

రోశయ్య ఒక్కడే మిగిలాడు. అరుగు మీద వలి మర్చిపోయిన టేపు కనపడింది. దాన్ని తీసుకుని మగ్గం గదిలోకి వెళ్ళాడు.

ఆయన పడక ఎప్పుడూ అరుగు మీద నులక మంచమే. రాము పుట్టిన ఏడాది రోశయ్య తల్లికి పక్షవాతం వచ్చింది. నడిమి గది ఆమెకిచ్చారు. తల్లి పోయాక ఆ గదిలో రాము చదువుకున్నాడు. పెళ్ళయ్యాక అది కొడుకూ కోడళ్ళదయింది. వంటిల్లు నీళ్ళ డ్రమ్ములకీ రుబ్బురోలుకే చాలదు. మాణిక్యమ్మ మగ్గం పక్కన పడుకునేది. ముప్పై ఆరేళ్ళుగా. ఆ సంగతి రోశయ్యకి తెలుసు. అందులో తెలుసుకోవలసింది ఇంకేదో ఉందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

ఒక పక్క మగ్గం, ఒక పక్క గోడ. తల దగ్గర నూలు పెట్టె. ఇంట్లో వాన పడని చోటు అదొక్కటేనని ఇటుకలు పేర్చి ఆ పెట్టె అక్కడ పెట్టింది రోశయ్యే. దాన్ని కదిపితే చేతులు విరుగుతాయని చెప్పింది కూడా ఆయనే. కాళ్ళ దగ్గర రాట్నం. దాన్ని కదిలించకూడదు, పొద్దున్నే కండెలు కావాలి.

పెట్టెకి టేపు ఆనించి రాట్నం దాకా లాగాడు. అంకెలు ఆయనకి బాగానే వచ్చు. చీర కొలిచే చెయ్యి.

నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు.

తప్పు చూశాననుకున్నాడు. మళ్ళీ లాగాడు. అదే. చీరకి ఆరు గజాలు అంగుళం తేడా రాకుండా నేసినవాడు, తన పక్కనున్న ఈ చోటు ముప్పై ఆరేళ్ళలో ఒక్కసారీ కొలవలేదు.

గోడకి చుట్టి పెట్టిన ఆమె చాప తీసి పరిచాడు. నడుం పట్టుకుని మెల్లగా పడుకున్నాడు. తల పెట్టెకి తగిలింది, పాదాలు రాట్నానికి తగిలాయి. మోకాళ్ళు ముడవక తప్పలేదు. ముడిస్తే పోయి గోడకి ఆనాయి. ఆనిన చోట గోడ చల్లగా, నున్నగా తగిలింది. తల తిప్పి చూశాడు. సరిగ్గా మోకాళ్ళ ఎత్తున, రెండు జానల మేర సున్నం లేదు. కింద మట్టి గోడ అద్దంలా మెరుస్తోంది. ఏటా సున్నం కొట్టడం, ఏటా అక్కడ ఊడిపోవడం. చెమ్మ పాడుగాను అని ఏటా చెమ్మని తిట్టడం. చెమ్మ కాదు. రాసుకుని రాసుకుని ఊడిపోయింది.

అలాగే గోడని చూస్తూ పడుకుండిపోయాడు. ఎంతసేపు గడిచిందో తెలియదు.

గుమ్మంలో దభీమని చప్పుడైంది. పిండి డబ్బా కింద పడి మూత దొర్లుకుంటూ పోయింది.

"అయ్యో! ఏమైందయ్యా? ఇక్కడ పడిపోయావేంది? గుండెల్లో నొప్పా? ధనశ్రీ, పరిగెత్తుకు రావే!"

"పడలేదే. పడుకున్నా."

"పడుకోడమేంది ఇక్కడ? లే ముందు!"

"లేవలేకపోతున్నా. కాలు పట్టేసింది."

మాణిక్యమ్మ చంకల కింద చేతులు వేసి లేపబోయింది. ఆయన లేవలేదు. ఆమె చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గుమ్మం దాకా పరిగెత్తుకొచ్చిన ధనశ్రీ చూసి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళిపోయింది.

"పావుగంట పడుకోలేకపోయానే. ఎట్టా పడుకున్నావే ఇన్నేళ్ళు? ఒక్క మాట చెప్పకూడదూ?"

"చెబుదామనే అనుకున్నా, మొదట్లో. అత్తకి అట్టా ఉండె. నువ్వు చూస్తే పొద్దస్తమానం గుంటలో. అలిసిపోయి వచ్చి పడుకునేవాడివి. ఏం చెప్పను? ఆ తర్వాత చెప్పాలన్న సంగతే మర్చిపోయా." ఆమె ఆయన పిక్క పట్టుకుని గట్టిగా రుద్దింది. "మొన్న ఆ పెద్ద మంచం మీద కాళ్ళు చాపమని పిల్ల అంటే, నాకు చాపడం రాలేదయ్యా. అప్పుడేడుపొచ్చింది."

పిక్క పట్టు వదిలింది. ఆమె చెయ్యి మాత్రం ఆయన వదల్లేదు.

"పడుగు మీద ఇంకో చీర ఉంది," అన్నాడు. "వారం పట్టుద్ది. అది దించాక మగ్గం విప్పేద్దాం. నేనే విప్పుతా."

"నువ్వేం చేస్తావు మరి? నేత లేకుండా ఉండలేవు గదా."

"సొసైటీ షెడ్డులో మగ్గాలు ఖాళీగానే ఉన్నాయి. క్యారేజీ కట్టివ్వు. ఉద్యోగస్తుడిలా పదింటికి పోయి ఐదింటికొస్తా."

"ఈ వయసులో ఉద్యోగం!" అంది మాణిక్యమ్మ, ముక్కు చీదుకుంటూ నవ్వి.

సాయంత్రం రాము రాగానే రోశయ్య కోడల్ని కూడా పిలిచాడు. "అమ్మా, పొద్దున నిన్నొక మాటన్నా. అది నా నోటి తప్పు," అన్నాడు. ధనశ్రీ మళ్ళీ ఏడ్చింది. మర్నాడు వలి వచ్చినప్పుడు, ఎస్టిమేట్లో ఆరున్నర అడుగుల మంచం కూడా రాయమన్నాడు. మంచాలు నా పనిలో రావు బాబాయ్ అని వలి నెత్తి కొట్టుకున్నాడు. రాయరా అని గద్దించి రాయించాడు.

ఎనిమిదో రోజుకి చీర దిగింది. దాని చివరి కండె కూడా మాణిక్యమ్మే చుట్టింది. తొమ్మిదో రోజు పొద్దున్నే ఇద్దరూ చెరో కొస పట్టుకుని మగ్గం విప్పారు. రాము నూలు పెట్టె నడిమి గదిలోకి మోశాడు. గుంట మీద చెక్కలు పరిచారు. ధనశ్రీ గది ఊడ్చింది. ఆ గది అంత పెద్దదని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

మాణిక్యమ్మ గది మధ్యలో చాప వేసుకుంది. కాసేపు నడుం వాలుస్తానని ఒక పక్కకి తిరిగి, ఎప్పటిలాగే ముడుచుకుని పడుకుంది. రోశయ్య గడపలో కూర్చుని చూస్తున్నాడు. ఆమెకి నిద్ర పట్టింది. నిద్రలో మోకాలు కొంచెం జారింది. మళ్ళీ కొంచెం. దేనికో తగులుతుందని ఆ పాదం ఆగింది. ఏదీ తగల్లేదు. అప్పుడు రెండు కాళ్ళూ నెమ్మదిగా, చాప చివరిదాకా సాగాయి.

పదింటికి వలి ముగ్గుపిండి పట్టుకుని, నలుగురు కూలీలని వెంటబెట్టుకుని వచ్చాడు.

"బాబాయ్, గదిలో పిల్లర్లకి ముగ్గు పోయాలి. పక్కకి జరుగు."

రోశయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "మెల్లగారా. పడుకుంది."

"మనుషులొచ్చేశారు బాబాయ్! ఊరికే కూర్చోబెడితే పూట కూలీ దండగ."

"దండగ కాదు," అన్నాడు రోశయ్య, గుసగుసగా. "అది కూడా ఎస్టిమేట్లో రాసుకో."